పెద్దమ్మ విచలనం

ఇప్పుడు కొత్తగా ఉద్యోగాల్లో చేరుతున్న పిల్లలకు చెబితే నవ్వుతారు గానీ, మేము కంప్యూటర్ల ముందు కూర్చోవడం మొదలుపెట్టిన ఆ రోజుల్లో ఎక్సెల్‌లో కొన్ని లెక్కలకు ఎంటర్ ఒక్కటి నొక్కితే సరిపోయేది కాదు. కంట్రోల్, షిఫ్ట్, ఎంటర్, మూడు మీటలూ కలిపి ఒక్కసారే నొక్కాలి. ఎడమచేతి వేళ్ళతో రెండింటిని అదిమిపెట్టి, కుడిచేత్తో మూడోదాన్ని కొట్టాలి. కొడితే, మనం రాసిన సూత్రానికి అటొకటి ఇటొకటి మెలితిరిగిన బ్రాకెట్లు మీసాల్లా వచ్చి నిలబడేవి. ఆ మీసాలను మనం టైపు చేస్తే చెల్లవు, వాటంతట అవే మొలవాలి. (నాకు అప్పటికింకా సరిగ్గా మొలవలేదు కాబట్టి ఆ బ్రాకెట్లను చూస్తే కొంచెం అసూయగా కూడా ఉండేది.) కొత్తగా వచ్చిన ఎక్సెల్‌లో ఆ అవస్థ తీసేశారు. మంచిదే. కానీ మూడు మీటలూ నొక్కి, ఊపిరి బిగబట్టి తెర వైపు చూసేటప్పుడు ఉండే ఆ భయభక్తులు కూడా దాంతోపాటే పోయాయి.

నాకు ఆ భయభక్తులు పట్టుకున్నది ఆదోనిలో, నా మొదటి ఉద్యోగంలో. స్టాటిస్టిక్స్ ఒక సబ్జెక్టుగా డిగ్రీ పూర్తిచేసి, ఏ బ్యాంకు పరీక్షా నన్ను కరుణించక, చివరికి ఒక సావుకారి దగ్గర కంప్యూటరు పనికి కుదిరాను. ఆయనది తాతల కాలం నుంచీ పత్తి వ్యాపారం. దానికి తోడు ఎమ్మిగనూరు మగ్గాల మీద దుప్పట్లు నేయించి బెంగుళూరుకు పంపడం ఈయన మొదలుపెట్టారు. మా ఆఫీసు పత్తి గోడౌను పైన మేడమీది గది. కింద పత్తి దించినప్పుడల్లా దూది పింజలు లేచి వచ్చి కీబోర్డు మీటల సందుల్లో కాపురం పెట్టేవి. వారానికోసారి దాన్ని తలకిందులు చేసి దులిపితే దీపానికి వత్తులు చేసుకునేంత దూది రాలేది. (సావుకారి ఇంటావిడ ఒకసారి నిజంగానే అడిగి తీసుకుపోయారు.)

ఎమ్మిగనూరులో ఆయనకు దుప్పట్లు నేసే ఇళ్ళలో మా పెద్దమ్మ ఇల్లు ఒకటి. మా అమ్మకు సొంత అక్క. ఆ వీధిలో ఆమెకు రెండు విషయాల్లో పేరు: నేతలో, గొప్పలు చెప్పుకోవడంలో. రెండింట్లో ఏది ఎక్కువో చెప్పడం కష్టం. “నా దుప్పటి యాడన్నా పట్టుకోని లెక్కపెట్టు, ఒక్క పోగు తేడా వస్తే నా సెయ్యి నరుక్కుంటా” అని ఇంటికి వచ్చినవాళ్ళందరి ముందూ అనేది. వాళ్ళు గుడ్డ కొనడానికి కాక పక్కింటి అడ్రసు అడగడానికి వచ్చినా సరే, అనేది. ఇన్నిసార్లు పందెం కాస్తున్న చెయ్యి ఏదో ఒక రోజు పోగొట్టుకోక తప్పదని మేమంతా చాటుగా నవ్వుకునేవాళ్ళం. అయితే ఆ ఏడాది ఏకంగా ఆమె మగ్గానికే గండం వచ్చింది. దుప్పట్లు సరిగ్గా అమ్ముడుపోక పని సన్నగిల్లింది. ఆమె కొడుకు, వరసకు నాకు అన్న, “ఈతూరి పెద్ద ఆర్డరు రాకుంటే గుంత పూడ్సేస్తా. బండలేసి ఫ్యాన్సీ షాపు పెడ్తా” అని తేల్చి చెప్పాడు. (గుంత మగ్గం చూడనివారి కోసం ఒక మాట: నేసేవాళ్ళు నేలలో తవ్విన గుంతలోకి కాళ్ళు జార్చి కూర్చుంటారు. గుంత పూడిస్తే మగ్గం పోయినట్టే.) ఉత్త బెదిరింపు కాదు, మన్ను తోలే ట్రాక్టరతనికి చెప్పి కూడా పెట్టాడు. పెద్దమ్మ మాత్రం “వస్తాదిలేరా ఆర్డరు. నా గుడ్డకు రాక ఎవురి గుడ్డకు వస్తాది” అంటూ అడ్డపోగు మోసే నాడెను అటూ ఇటూ విసురుతూనే ఉంది.

ఆర్డరు వచ్చింది. బెంగుళూరులో హోటళ్ళకు దుప్పట్లు అందించే ఒక కంపెనీ ఏడాది పొడవునా తీసుకుంటామంది. కానీ ఒక మెలిక పెట్టింది. అంగుళం గుడ్డలో ఎన్ని అడ్డపోగులు పడుతున్నాయో (దాన్నిబట్టే గుడ్డ దిట్టమా పల్చనా అన్నది తెలుస్తుంది) మేము ఇల్లిల్లూ రోజూ లెక్కపెట్టించేవాళ్ళం. ఆ లెక్కల నుంచి ఒక్కో ఇంటికి ఎస్.డి. ఎంతో కట్టి పంపండి, రెండు దాటిన ఇల్లు మాకొద్దు అని మెయిలు. సావుకారి దాన్ని ప్రింటు తీయించి, కళ్ళకు దగ్గరగా ఒకసారి, దూరంగా ఒకసారి పెట్టుకుని చదివి, నన్ను పిలిచారు.

“ఏమప్పా, ఈ ఎస్.డి. అంటే ఏంది? మల్ల ఏమన్నా కొత్త ట్యాక్సు ఏసినారా?”

“కాదు సావుకారీ. ప్రామాణిక విచలనం” అన్నాను. ఆయన ముఖం చూస్తే ట్యాక్సే నయమనిపించినట్టుంది.

మా డిగ్రీ కాలేజీ సారు ఈ పాఠం చెప్పేటప్పుడు కళ్ళజోడు తీసి, “సగటు ఊరందరికీ సుట్టమే గానీ ఎవురింటి సంగతీ సెప్పదప్పా” అనేవారు. అది గుర్తొచ్చి ధైర్యం తెచ్చుకున్నాను. “సావుకారీ, పొద్దున ఉగ్గాని తిన్నారు గదా? పక్కన బజ్జీలు గూడా తిన్నారు గదా?”

“తిన్నా. దానికీ దీనికీ ఏం సమ్మందం?”

“నాలుగు బజ్జీల్లో రెండు సప్పగ ఉండి, రెండు కండ్లల్లో నీళ్ళు తెప్పించినాయనుకోండి. సగటు తీస్తే కారం సరిపోయినట్టే లెక్క. మీ నోరు ఒప్పుకుంటాదా? నాలుగూ ఒకే తీరుగ ఉంటే విచలనం తక్కువ. ఒక్కోటి ఒక్కో తీరుగ ఉంటే ఎక్కువ. అంతే.”

ఆయన బజ్జీ రుచి గుర్తు తెచ్చుకుంటున్నట్టు నాలుక చప్పరించారు. తర్వాత నెమ్మదిగా, “అంటే వాళ్ళకు కారం ఎంతనేది గాదు, బజ్జీకి బజ్జీకి ఎంత తేడా అనేది గావాల. అది గూడా ఒక్క అంకెలో!” అన్నారు. గుప్పెడు పత్తి పట్టుకుని చూసి ఏ ఊరి చేలోదో చెప్పగల మనిషి, నోరు తెరిచి నా వైపు చూశారు. “ఎవుడు కనిపెట్టినాడో గానీ, వాడు మామూలు మనిషి గాదప్పా.” ఆ మెప్పును ఆ కనిపెట్టిన మహానుభావుడి తరఫున నేనే తలవంచి స్వీకరించాను.

లెక్కలు తెచ్చేది భూతద్దం భాయ్. ఎమ్మిగనూరులోనే ఉంటూ, పొద్దు వాలేసరికి మోపెడ్ మీద ఇల్లిల్లూ తిరిగి, ఆ రోజు నేసిన గుడ్డకు మొదట్లో ఒకచోట, నడుమ ఒకచోట, కొసన ఒకచోట చిన్న భూతద్దం ఆనించి పోగులు లెక్కపెట్టడం ఆయన పని. ఒంటికంటితో లెక్కపెట్టీ పెట్టీ, మామూలుగా మాట్లాడేటప్పుడు కూడా ఒక కన్ను మూసే అలవాటైపోయింది. (కొత్తవాళ్ళు, ముఖ్యంగా ఆడవాళ్ళు, అపార్థం చేసుకునేవారు. చెప్పుదెబ్బలు త్రుటిలో తప్పిన సందర్భాలున్నాయని ఆయనే చెప్పాడు.) రాసిన కాగితాన్ని ఫోన్లో ఫొటో తీసి నాకు పంపేవాడు. ప్రతి ఫొటోలోనూ ఆయన బొటనవేలు ఉండేది. ఆ వేలు దాచిన అంకెలను ఫోను చేసి అడిగి, అన్నీ షీటులోకి ఎక్కించేవాణ్ణి: తేదీ, ఇల్లు, మొదలు, నడుమ, కొస.

ఇప్పుడు కంపెనీ అడిగిందేమిటంటే, ఒక్కో ఇంటి వరసలు మాత్రమే ఏరి, మొదలూ నడుమా కొసా మూడు కాలమ్‌లూ కలిపి, వాటన్నిటికీ ఒకే విచలనం. షరతు పెట్టి సగటు తీయడానికైతే ఎక్సెల్‌లో రెడీమేడ్ సూత్రం ఉంది. షరతు పెట్టి విచలనం తీయడానికి లేదు. మూడు కాలమ్‌లకు విడివిడిగా మూడు విచలనాలు కట్టి సగటు తీసేద్దామా అనుకున్నాను గానీ, అలా చేస్తే మొదటికీ కొసకూ మధ్య ఉన్న తేడా సందులోంచి జారిపోతుందని గుర్తొచ్చి ఆగాను. ఇంటర్నెట్టంతా గాలిస్తే ఎవరో పుణ్యాత్ముడు దారి చెప్పాడు. ‘ఇల్లు ఇదే అయితేనే ఆ మూడు గళ్ళూ తీసుకో’ అని లోపల ఒక షరతు, దాని చుట్టూ విచలనం, ఆపైన మూడు మీటలు. మొదటిసారి అలవాటుకొద్దీ ఎంటర్ ఒక్కటే కొట్టి, తప్పు తప్పు అని కంప్యూటరు చేత తిట్టించుకున్నాను. రెండోసారి మూడూ కలిపి నొక్కాను. మీసాలు మొలిచాయి, అంకె వచ్చింది.

నేను కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. అతిశయోక్తి కాదు, నిజంగానే లేచాను. వందల వరసల్లోంచి ఆ ఇంటివాళ్ళవి మాత్రమే ఏరుకుని, మూడు కాలమ్‌ల నిండా తిరిగి, ఒక్కో అంకె సగటుకు ఎంత దూరంలో ఉందో కొలిచి, అన్నిటి సారం పిండి, నేను రెప్ప వేసి తీసేలోగా ఒక్క గడిలో పెట్టింది. పరీక్షలో ఇదే లెక్కకు నేను నాలుగు పేజీలు రాసి, చివర తప్పు చేసి, సగం మార్కులు తెచ్చుకున్నవాణ్ణి. కొత్త బిచ్చగాడు పొద్దెరగడన్నట్టు, ఇక ఆ రోజంతా కనబడినదానికల్లా విచలనం కట్టాను. టీ వచ్చే వేళలకు, కరెంటు పోయే నిడివికి, సావుకారి కోపానికి. (మూడోదాన్ని సేవ్ చేయలేదు.)

సాయంత్రానికి ఇళ్ళన్నిటికీ విచలనం కట్టి, తక్కువ నుంచి ఎక్కువకు వరసలో పెట్టి సావుకారికి చూపించాను. ఆయన మొదటి పేరు చూసి ఉలిక్కిపడ్డారు. మొదటి పేరు జల్లెడ చిన్నాయనది. ఆయన నేసిన గుడ్డ ఎంత పల్చనో ఆ బిరుదే చెబుతుంది.

“వాని గుడ్డలో జొన్నపిండి జల్లించొచ్చు! వాడు ఫస్టా?”

“ఆయన రోజూ ఒకే తీరుగ పల్సగ నేస్తాడు సావుకారీ. విచలనం మంచి సెడ్డ సూడదు. మార్పు ఉండాదా లేదా, అంతే సూస్తాది.”

“అంటే ఎప్పుడూ ఒకే తీరుగ తప్పు సేసేవాడు నమ్మకమైనోడన్న మాట!” అని, ఎవరినో తలుచుకున్నట్టు చాలాసేపు తల ఊపారు. తర్వాత వేలు కిందికి జారింది. “మరి ఇదేందప్పా? మంచి మంచి నేతగాళ్ళంతా అడుగున ఉండారు! పెద్ద పెద్ద పేర్లన్నీ ఈడనే ఉండాయి. మీ పెద్దమ్మ అన్నిటికన్నా కింద ఉండాది. పదైదంట!”

నేను ఆ అంకెను అప్పటికే చూసి ఉన్నాను. పెద్దమ్మ మీద జాలి వేయకపోలేదు. కానీ అంతకన్నా ఎక్కువగా విచలనం మీద భక్తి పెరిగింది. ఊరంతా ఇన్నేళ్ళుగా నమ్మిన పేరుప్రతిష్ఠల లోపలికి చూసి, అసలు సంగతి బయటపెట్టింది కదా! “లెక్క అబద్ధం సెప్పదు సావుకారీ” అన్నాను గంభీరంగా. ఆయన కాగితం మడిచి నా చేతిలో పెట్టారు. “ఎల్లుండి మెయిలు పంపల్ల. మీ పెద్దమ్మకు నువ్వే సెప్పుకో. నాతో గాదు.”

మర్నాడు మధ్యాహ్నం ఆఫీసు ల్యాప్‌టాప్ సంచిలో వేసుకుని ఎమ్మిగనూరు బస్సెక్కాను. దారి పొడవునా ఓదార్పు మాటలు కూర్చుకుంటూ, మింగలేక కక్కలేక కూర్చున్నాను. పెద్దమ్మ ఏడుస్తుంది, నేను ‘పోనీలే పెద్దమ్మా, వయసు మీద పడింది కదా’ అంటాను, అన్న గుంత పూడుస్తాడు. ఇదీ నేను వేసుకున్న అంచనా. ఇంటికి వెళ్ళేసరికి అన్న అప్పుడే స్టీలు టేపు పట్టుకుని షాపు అరలకోసం గోడలు కొలుస్తున్నాడు. పెద్దమ్మ గుంతలో కూర్చుని నేస్తోంది.

“లెక్క వచ్చింది పెద్దమ్మా” అన్నాను.

“నేనే ఫస్టు గదా?” నాడె ఆపలేదు.

“కాదు. అందరికన్నా కింద.”

మగ్గం ఆగింది. ఆ ఇంట్లో మగ్గం ఆగినప్పుడు ఎంత నిశ్శబ్దంగా ఉంటుందో అప్పటిదాకా నాకు తెలియదు. అన్న చేతిలో టేపు కూడా ఆగింది.

“ఏమంటాంది ఆ మిషిను?”

“నీ గుడ్డలో హెచ్చుతగ్గులు ఉండాయంటాంది. పదైదు.”

“పదైదేంది? పోగులా?”

“ఇంచుమించు అట్లే.”

“అంగలానికి పదైదు పోగులు తేడా వస్తే అది దుప్పటా, సేపల వలా?” ఆమె గుంతలోంచి పైకి వచ్చింది. ఏడవలేదు. నా ఓదార్పు మాటలన్నీ వృథా అయిపోయాయి. “తియ్యి నీ డబ్బీ. ఏ పొద్దు తగ్గింది, మొదట్లోనా, నడుమనా, కొసనా, ఏలు పెట్టి సూపియ్. సూపిచ్చినావంటే వాడు గాదు, నేనే మన్ను ఎత్తి పోస్తా గుంతలో.”

నూలు కండెల బుట్ట బోర్లించి దానిమీద ల్యాప్‌టాప్ పెట్టాను. ఆమె ఇంటి వరసలు మాత్రమే కనబడేలా చేసి, పైనుంచి వేలు పెట్టి చదవడం మొదలుపెట్టాను. నలభై ఎనిమిది, నలభై ఎనిమిది, నలభై ఎనిమిది. కింది వరస, మళ్ళీ మూడూ నలభై ఎనిమిదే. దాని కిందా అంతే. తెర నిండా చదివాను. ఇంకో తెర కిందికి జరిపాను. నా గొంతు తగ్గుతూ వస్తోంది. అందరూ శ్రీవైష్ణవులే, బుట్టెడు రొయ్యలూ మాయం అన్నట్టు, ఏ గడిని అడిగినా నలభై ఎనిమిదే అంటోంది. మరి ఆ పదిహేను ఎక్కణ్ణుంచి వచ్చింది? సరిగ్గా అప్పుడే భూతద్దం భాయ్ సాయంత్రపు లెక్కకు వచ్చి, విషయం విని, ఒక కన్ను మూసి మా వెనక నిలబడ్డాడు.

“ఇదేందిరా, ఈడ ఏమీ లేదే?” పెద్దమ్మ వేలు ఒక వరస మీద ఆగింది. తేదీ ఉంది, ఇల్లు ఉంది, మూడు గళ్ళూ ఖాళీ.

“ఆ పొద్దు అమాస” అంది, నేను అడగకముందే. “అమాస నాడు మగ్గం ముట్టం గదా.”

“నేయని గుడ్డకు నేనేం రాయాలప్పా?” అన్నాడు భాయ్. “ఏమీ నేయలే, ఏమీ రాయలే.”

నాకు అప్పుడు వెలిగింది. ఖాళీ గడిని విచలనం పట్టించుకోదని నాకు తెలుసు. కానీ నేను మధ్యలో ఒక షరతు పెట్టాను కదా! ఆ షరతులోంచి దూరి వెళ్ళే ఖాళీ గడి, అవతలికి సున్నాగా మారి వెళుతుంది. అంటే ప్రతి అమావాస్యకూ మా పెద్దమ్మ అంగుళానికి సున్నా పోగులు నేసినట్టు కంప్యూటరు లెక్క కట్టింది! నలభై ఎనిమిది పక్కన సున్నా వస్తే విచలనం పెరగక ఏమవుతుంది? అడుగున చేరిన పెద్ద పేర్లన్నీ అమావాస్యలు, పండగలు, గ్రహణాలు, ఇంటిదేవుడి రోజులు తప్పకుండా పాటించే ఇళ్ళే. భక్తి పెరిగిన కొద్దీ విచలనం పెరిగింది. మా పెద్దమ్మంత నిష్ఠ ఆ వీధిలో ఇంకెవరికీ లేదు. జల్లెడ చిన్నాయనకు అమావాస్య లేదు, పున్నమి లేదు. అందుకని అందరికన్నా పైన కూర్చున్నాడు.

ఈ సంగతి నేను తడబడుతూ చెబితే పెద్దమ్మ మండిపడింది. “నేను దేవునికి దండం పెట్టుకుంటే నీ మిషిను నాకు సున్నా ఏస్తాదా? దానికి దేవుడు గీవుడు లేడా?”

“ఇప్పుడు సెప్తా ఉండు పెద్దమ్మా దానికి” అని, సూత్రంలో ఇంకో షరతు చేర్చాను: ఇల్లు ఇదే అయితే, అందులోనూ గడి ఖాళీ కాకపోతేనే తీసుకో. ఇక మూడు మీటలూ నొక్కాలి. బుట్ట ఊగుతోంది, ఒక చేత్తో ల్యాప్‌టాప్ జారకుండా పట్టుకోవాల్సి వచ్చింది. రెండు మీటలు పట్టుకుంటే మూడోది అందడం లేదు. “ఆ రెండూ నువ్వు పట్టుకో, ఇది నేను కొడతా” అని పెద్దమ్మ ఎంటర్ మీట మీద ఒక్కటి వేసింది. మగ్గం పలకను లాగి కొట్టే చెయ్యి అది. ల్యాప్‌టాప్ బతికింది గానీ, ఆ మీట ఆ తర్వాత ఎన్నడూ పూర్తిగా పైకి లేవలేదు.

“ఎంత?”

“అర, పెద్దమ్మా. సున్నా పాయింటు ఐదు.” మిగతా ఇళ్ళు కూడా సరిచేసి చూశాను. అందరికన్నా తక్కువ అదే.

“ఎంత దాటకూడదన్నారు?” అన్న అడిగాడు.

“రెండు.”

అన్న స్టీలు టేపు వదిలేశాడు. అది సర్రుమని దాని డబ్బాలోకి వెళ్ళిపోయింది. నాకు కళ్ళు చెమర్చాయి. పెద్దమ్మ కూడా మురిసిపోతుందనుకుని చూస్తే, ఆమె తెర వైపే ముఖం చిట్లించుకుని ఉంది.

“అర యాడిది?”

“అదేంది పెద్దమ్మా, ఊర్లో అందరికన్నా తక్కువ గదా!”

“అందరి సంగతి నాకెందుకు? నేను ఒక్క పోగు తేడా రాదంటి. రాకుంటే సున్నా రావల్ల గదా? అర యాడ నుంచి వచ్చింది? సూడు ఇంకా.”

చూశాను. వేలు పెట్టి మళ్ళీ కిందికి దిగాను. నలభై ఎనిమిదులు దాటుకుంటూ, ఇంకో అమావాస్య దాటి, ఒక వరస దగ్గర ఆగిపోయాను. నలభై నాలుగు, యాభై ఒకటి, నలభై మూడు. భాయ్ మూసిన కన్ను కూడా తెరిచాడు. “ఆ పొద్దు నా అద్దమే సెడిపోయిందనుకుంటి అప్పా. మూడు తూర్లు తుడిసి సూసినా. ఈయమ్మను అడిగే ధైర్యం నాకి యాడుంది?”

“ఏ వారం అది?” అంది పెద్దమ్మ మెల్లగా.

“ఆదివారం.”

ఆమె తేదీ చూసింది, నన్ను చూసింది, ఉన్నట్టుండి నవ్వడం మొదలుపెట్టింది. మగ్గం గుంజ పట్టుకుని మరీ నవ్వింది. “ఆ పొద్దు నేను హాలహర్విలో పెండ్లికి పోయింటి గదరా! మగ్గం మీద ఎవురు కూసున్నారో గ్యాపకం తెచ్చుకో.”

నేనే. సెలవు రోజని ఊరికే చూడటానికి వచ్చి, ఆమె పెళ్ళికి బయల్దేరుతుంటే, “నువ్వు పోయిరా పెద్దమ్మా, నేను నేస్తాలే. నేను గూడా మగ్గమోళ్ళ ఇంటి పిల్లోణ్ణే” అని బడాయిగా గుంతలో దిగి, పొద్దు వాలకముందు ఆదోని బస్సెక్కేదాకా నేసింది నేనే. బాగా నేశాననే అనుకున్నాను. సోమవారం ఆఫీసులో నలుగురికీ చెప్పుకున్నాను కూడా.

“మరి ఒక్క మాట అనలేదే నన్ను?”

“అంటే మల్ల కూసోవు గదరా.”

“ఆ దుప్పటి?”

“సావుకారికి ఎట్ల ఇస్తా దాన్ని? నేనే కప్పుకుంటాండా” అని మంచం వైపు చూపించింది. “ఎండకాలానికి బాగుంటాది. గాలాడతాది.” భాయ్ వెళ్ళి, ఒక కన్ను మూసి, దాని మీద అద్దం పెట్టి చూసి, “యా అల్లా” అని వెనక్కి వచ్చాడు.

నేను సిగ్గుతో చచ్చిపోతూ, “ఆ దుప్పటి మాకు రానేలేదు గదా పెద్దమ్మా. ఆ వరస తీసేస్తా. న్యాయమే అది” అన్నాను.

“తీసేస్తే ఎంతొస్తాది?”

“సున్నా రావచ్చు.”

ఆమె ఆ మూడు గళ్ళ వైపు కొంతసేపు చూసింది. జీవితమంతా సున్నా కోసం చెయ్యి పందెం కాసిన మనిషి. “వద్దులే. ఉండనీ. ఆ పొద్దు గూడా నా మగ్గం ఆడింది గదా” అని, చీర కుచ్చిళ్ళు ఎగదోపుకుని మళ్ళీ గుంతలోకి దిగింది.

సరిచేసిన లెక్క బెంగుళూరుకు వెళ్ళింది, ఆర్డరు ఖాయమైంది, ట్రాక్టరతను మన్ను ఇంకెవరి ఇంటికో తోలుకున్నాడు. (జల్లెడ చిన్నాయనను పిలిచి సావుకారి “ఒకే తీరుగ సప్పగుండే బజ్జీ ఎవురు తింటారప్పా?” అని గట్టిగా నేయమన్నారు. ఆయన ఆనాటి నుంచి ఒకే తీరుగ గట్టిగా నేయడం మొదలుపెట్టాడు. మార్పనేది ఆయన రక్తంలోనే లేదు.)

ఆ మెయిలు పంపిన రోజు, సావుకారి భోజనానికి వెళ్ళిన సమయంలో నాకు ఆగలేదు. ఆ ఆదివారపు వరస తీసేసి, మూడు మీటలూ నొక్కాను. సున్నా వచ్చింది. ఒకసారి మోసపోయినవాణ్ణి కాబట్టి, సూత్రం మళ్ళీ ఎక్కడో తప్పిందనుకున్నాను. గడి గడీ వేలు పెట్టి చూశాను. తప్పలేదు. సున్నాయే. మా సారు చెప్పిన లెక్కల్లో గానీ, నేను కొన్న గైడుల్లో గానీ మనుషుల పనికి సున్నా విచలనం వచ్చిన లెక్క ఒక్కటీ లేదు. అలాంటి లెక్క ఎవరూ ఇవ్వరు, ఇస్తే పిల్లలు నమ్మరు. అన్ని నెలల్లో ఆమెకు మోకాళ్ళ నొప్పులు వచ్చాయి, గుంత పూడుస్తానని కొడుకు రోజూ పోట్లాడాడు, పని దొరకదేమోనని భయం ఉండే ఉంటుంది. అవేవీ గుడ్డలోకి రాలేదు. ఇన్నేళ్ళూ మేము గొప్పలని నవ్వుకున్నవి గొప్పలే కావు, ఉన్నదున్నట్టు చెప్పిన మాటలు. నాకు నిజంగా భయమేసింది, గుడిలో దీపారాధన వేళ వేసే భయం లాంటిది.

సావుకారి చేతులు తుడుచుకుంటూ వచ్చి, నా భుజం మీదుగా తెర వైపు చూశారు. “ఏందప్పా ఈ సున్నా? మల్ల అమాసా?”

“కాదు సావుకారీ. మా పెద్దమ్మ.”

ఆయన తల ఊపి, పత్తి చూడటానికి కిందికి దిగిపోయారు. నేను తీసేసిన వరసను మళ్ళీ పెట్టేశాను. సున్నా పోయి, దాని చోట అర వచ్చింది. ఎమ్మిగనూరులో అందరికన్నా మేలైన గుడ్డలో ఉన్న తేడా మొత్తం అదే, ఆ తేడా నేను. అందుకు సిగ్గుపడాల్సింది పోయి, దూది ఎగురుతున్న ఆ గదిలో ఒక్కణ్ణే కూర్చుని ఛాతీ విరుచుకున్నాను. ఇప్పుడు తలుచుకుంటే నాకే నవ్వొస్తుంది. కానీ ఆ ఫైలు ఇప్పటికీ నా దగ్గర ఉంది, అందులో ఆ అర అలాగే ఉంది.